మూటతో గేటు దాటిన ఫిలోమినా

మా ఫిలోమినా వదినతో వేగడం నా వల్ల కాదండీ. మా అన్నయ్యను చేసుకుని నర్సాపురం నుంచి హైదరాబాద్ కృష్ణానగర్ వచ్చిన నాటి నుంచి సినిమాల్లో గుంపులో నిలబడటమే ఆవిడ పని. నాదీ అదే పనిలెండి. పెళ్లి సీన్లలో అక్షింతలు వేసింది, శవాల పక్కన ఏడ్చింది, ఒక్క సినిమాలోనూ డైలాగ్ చెప్పలేదు. ఆ లోటంతా ఇంట్లో మా మీద తీర్చుకుంటుంది.

ఈమధ్య సినిమాలకు గుంపు మనుషుల్ని పంపే ఏజెంట్ తిరుమలేశ్ యూనియన్ కార్డున్న మమ్మల్ని వదిలేసి, తక్కువ డబ్బుకు వస్తారని యూసుఫ్‌గూడలో ఇళ్లు కట్టే ఒడిశా కూలీలను షూటింగులకు తీసుకుపోతున్నాడు. పొద్దున్నే తయారై సందు చివర నిలబడితే వ్యాన్ మా ముందు నుంచే వెళ్లిపోయేది. వదినకు ఒళ్లు మండింది. "ఎక్కణ్ణుంచో ఊడిపడి మా నోటి దగ్గర కూడు లాక్కుంటారా?" అంటూ యూనియన్ ఆఫీసులో రచ్చ చేసింది.

యూనియన్ వాళ్లు ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ ఆపించారు. ఒడిశా వాళ్లను టిఫిన్ తినకముందే లేపి గేటు బయటికి పంపి, మమ్మల్ని లోపలికి పిలిచారు. ఇంతకీ ఆ సీనేమిటో తెలుసా? వలస కూలీలను బస్తీవాళ్లు తరిమేసే సీను! అసిస్టెంట్ డైరెక్టర్ సిద్ధార్థ వదిన నెత్తిన మూట పెట్టి, "ఏడుస్తూ గేటు దాటండమ్మా" అన్నాడు.

దాటింది. బయట బండి కోసం కూర్చున్న ఒడిశా ఆవిడ ఒకతె, వదినను నిజంగానే గెంటేశారనుకుంది. గబగబా లేచి మూట దించి, పక్కన కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లు తాగించింది. అంతే, వదిన భోరుమంది.

లోపల "వన్ మోర్!" అని అరుస్తున్నారు. ఈవిడ కదిలితేగా! "షూటింగుకు పిలిచి పస్తుతో పంపడం ఎక్కడైనా ఉందా? వీళ్లకు టిఫిన్ పెడితేనే వస్తాను" అని మొండికేసింది. సిద్ధార్థ తల పట్టుకుని ఇడ్లీలు బయటికి పంపించాడు.

తిరుమలేశ్ ఊగిపోతూ వచ్చాడు. "ఎల్లగొట్టమన్నదీ నువ్వే, తిండి పెట్టమన్నదీ నువ్వే! ఏంది నీ లొల్లి? బయటోళ్లతోని నీకేం పని?"

"నర్సాపురం నుంచి వచ్చినదాన్ని, మరి నేనెవరినయ్యా?"

"గట్లనా? ఇగ నిన్నూ పిలవ, మీ ఇంటోళ్లనూ పిలవ!"

ఆవిడ విన్నదో లేదో, ఇడ్లీలు వడ్డించడంలో పడింది. "కెజియా, చట్నీ పట్రావే" అని నన్ను కేకేసింది. నా పని కూడా ఊడగొట్టావు కదే తల్లీ అని అరుద్దామనుకున్నాను. ఒడిశా ఆవిడ ఖాళీ ప్లేటు పట్టుకుని నా వంకే చూస్తోంది. ఏం చేస్తాను, చట్నీ గిన్నె అందుకున్నాను.