డ్రైవరు సీట్లో ఏడుగురు

2019వ సంవత్సరం జూలై ఎనిమిదో తేదీ, సోమవారం, సాయంకాలం ఐదు గంటల నలభై నిమిషాలు. ఉదయం నుంచి మూసుకొని ఉన్న ఆకాశం సరిగ్గా ఆ వేళకే జల్లు మొదలుపెట్టింది. కంప్యూటరు శిక్షణ కేంద్రం మెట్ల మీద తడిసిన గొడుగును ముడవలేక నేను అవస్థ పడుతూ ఉండగా, వెనకనుంచి బుసకొట్టినట్టు ఏదో వినిపించింది. ఉలిక్కిపడి రెండు మెట్లు పైకెక్కాను. తీరా చూస్తే నీలం చొక్కా వేసుకొన్న ఒక పెద్దమనిషి. “గొడుగు ఇటివ్వండి, బటన్ అటు పక్కనుంది” అని ఆయన నాకు చెబుతున్నాడు. ఆయన గొంతులోంచి మాటకు బదులు గాలి వస్తుంది. ఈ కథకు నాయకుడు ఆయనే. పామనుకొని పరుగెత్తినవాణ్ణి నేను.

ఇద్దరమూ వచ్చింది ఒకే తరగతికి. వెబ్‌సైట్ల వెనక సర్వరులో నడిచే ప్రోగ్రాములు రాయడం, కొత్తవారికి, మూడు నెలలు. ఇద్దరికి ఒక కంప్యూటరు. తక్కినవారంతా పాతికేళ్ళ లోపువాళ్ళు. వాళ్ళు ముందే జతలు కట్టేసుకోగా, మిగిలిపోయిన మేమిద్దరం ఒక బల్లకు చేరాము. గుడ్డివాడికి కుంటివాడు తోడన్న సామెత విన్నదే గాని, మాలో గుడ్డి ఎవరో కుంటి ఎవరో మాత్రం కోర్సు ముగిసేదాకా తేలలేదు.

ఆయనకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. భార్య డ్రైవింగు స్కూలు నడుపుతుంది. కారు ఒక్కటే, నేర్పేది ఆమే. ఈయన స్కూలు గదిలో బల్ల ముందు కూర్చొని ఫోన్లు తీసి, ఎవరు ఏ గంటకు రావాలో చెప్పేవాడు. ఒకప్పుడు ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించేదట. అందుకే శిష్యులు ఆయనకు ‘హారన్‌గారు’ అని పేరు పెట్టారు. అంతకు ముందటేడు గొంతుకు ఆపరేషన్ జరిగి స్వరం పోయింది గాని పేరు పోలేదు.

“హారన్ పోయింది, బండి కండిషన్‌లోనే ఉంది” అన్నాడు మొదటి రోజే, నా చెవి దగ్గరకు వంగి. “ఇప్పుడు ఫోన్ తీసి హలో అంటే, సిగ్నల్ లేదని పెట్టేస్తున్నారండీ. ఒకావిడైతే పోలీసులకి చెప్తానంది. ఎవడో ఊపిరి వదిలి బెదిరిస్తున్నాడనుకుంది పాపం.”

“మరి ఇక్కడికెందుకు వచ్చారు?”

“అక్టోబర్ ఒకటి నుంచి ఫోన్‌కి వేరే మనిషిని పెడతానంటోంది మా ఆవిడ. నన్ను ఇంట్లో రెస్ట్ తీసుకోమంటుంది. రెస్ట్ అంటే తెలుసుగా! కిటికీ దగ్గర కుర్చీ వేసి, మాత్ర వేసుకున్నారా అని గంటకోసారి అడగడం. జనం ఫోన్ చెయ్యకుండా వాళ్ళంతట వాళ్ళే గంట బుక్ చేసుకునే పేజీ ఒకటి నేను పెట్టగలిగితే, ఆ బల్ల దగ్గర నా కుర్చీ నాకుంటుంది. లేకపోతే కిటికీయే.”

నేను వచ్చిన కారణం ఇంత గంభీరమైనది కాదు. అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన నాకు, వెబ్‌సైట్లలో అచ్చుతప్పులు చూసి ఇంట్లో అందరినీ పిలిచి చూపించడం వ్యసనమైంది. “మామయ్యగారూ, తిట్టుకుంటూ కూర్చునే బదులు మీరే నేర్చుకుని, తప్పుల్లేని సైట్ ఒకటి పెట్టకూడదూ?” అంది కోడలు. అది ప్రోత్సాహం కాదనీ, సాయంకాలాలు ఇల్లు ప్రశాంతంగా ఉండడానికి చేసిన ఏర్పాటనీ గ్రహించేసరికి ఫీజు కట్టేశాను.

పాఠం చెప్పే అమ్మాయిని అందరూ టీచరమ్మ అనేవారు. ఆమె మొదటి రోజు చెప్పిన మాటలివి:

“ఫోన్‌లో మీకు కనపడేది ముందు గది. సర్వర్ అంటే వెనక గది. ముందు గదిలోంచి చీటీ వెళ్తుంది, వెనక గదిలోంచి జవాబు వస్తుంది. మనం నేర్చుకునేది వెనక గది పని. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వెనక గదికి చీటీ కనపడుతుంది గానీ, పంపినవాళ్ళ మొహం కనపడదు.”

ఈ చివరి వాక్యాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొని, కింద గీత కూడా గీశాను. గీత గీస్తే విషయం బుర్రకెక్కుతుందన్నది బడి రోజుల నాటి నా నమ్మకం. అప్పుడూ ఎక్కలేదు.

మొదటి వారమంతా మా పేజీ తెల్లగా, నిష్కళంకంగా ఉండేది. ఏమీ రాకపోవడానికి కారణం టీచరమ్మ కనిపెట్టింది.

“తాతగారూ, ప్రతి లైన్ చివరా ఈ చుక్కేంటి?”

“వాక్యం ముగిసింది కదమ్మా.”

“ఇక్కడ చుక్క పెడితే ముగిసినట్టు కాదు. ఇంకా ఏదో చెప్పబోతున్నారని మిషన్ ఎదురుచూస్తుంది.”

“ఎంత ఓపిక! మా ఇంట్లో చుక్క పడకముందే లేచిపోతారు” అన్నాను.

హారన్‌గారి తప్పులు వేరు. ఆయన ప్రోగ్రాములో మార్పు చేసేవాడు, దాన్ని భద్రపరచడం మరచేవాడు, ఆపైన పేజీని మళ్ళీ మళ్ళీ తెరచి చూసి నిట్టూర్చేవాడు. పక్కనున్న నేను మేధావి ముఖం పెట్టి, “కొంచెం గట్టిగా నొక్కి చూడండి” అని సలహా ఇచ్చేవాణ్ణి.

తరగతి అయిపోయే వేళకు ఆయన భార్య స్కూలు కారులో వచ్చేది. నన్ను “అన్నయ్యగారూ” అని పిలిచింది. అంతటితో వరస కుదిరి, ఆయన నాకు బావగారయ్యాడు. ఇక ఎత్తిపొడుపులకు లైసెన్సు దొరికినట్టయింది. “బావగారూ, మీరు దిద్దిన పుస్తకాలు ఎవరన్నా కొన్నారా, లేక చుక్కలు లెక్కపెట్టి వదిలేశారా?” అని ఒక రోజు ఆయన. “మీ శిష్యులు బ్రేకు ఎక్కడుందో మిమ్మల్నడిగితే, సేవ్ చెయ్యకుండా తొక్కమనేవారా?” అని మరునాడు నేను.

ఆగస్టు నెలాఖరుకు ఆ పేజీకి ఒక ఆకారం వచ్చింది. శిష్యుడు తన ఫోను నంబరు కొట్టి లోపలికి వస్తాడు; ఖాళీ గంటలు చూస్తాడు; ఒకటి నొక్కుతాడు; అది అతని పేర పడుతుంది. వచ్చినవాడి పేరును ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. హారన్‌గారు ప్రోగ్రాము నెత్తిన ఒకే ఒక అర తయారుచేసి, ఎవరు లోపలికి వస్తే వారి పేరు అందులో పడేటట్టు చేశాడు.

“ఒక్కటి చాలా?” అని నేను అడిగిన మాట నిజం.

“ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా బావగారూ. డ్రైవర్ సీట్లో ఎప్పుడైనా ఒక్కడే కదా కూర్చుంటాడు?”

ఈ తర్కంలోని సౌందర్యానికి నేను ముగ్ధుణ్ణయ్యాను. ఆ అరకు ‘ప్రస్తుత విద్యార్థి’ అని నామకరణం చేసింది నేనే. ఒకే కంప్యూటరు ముందు కూర్చొని, ఒకరి తరువాత ఒకరం ఎన్నోసార్లు పరీక్షించాము. ఒక్క తప్పు దొరకలేదు. దొరకదు మరి, మా సీట్లోనూ ఎప్పుడూ ఒక్కడే ఉన్నాడు. శిష్యులకు వెళ్ళే సందేశాన్ని కూడా నేనే కూర్చాను: “తమరు కోరిన శిక్షణా సమయము తమరికి ప్రాప్తించినదని విన్నవించుటకు మిక్కిలి సంతసించుచున్నాము.” హారన్‌గారు అది చదివి, “దీనికి చదువుకున్నవాళ్ళనే చేర్చుకోవాలి” అన్నాడు గాని తీసెయ్యలేదు.

సెప్టెంబరు ఇరవై రెండు, ఆదివారం ఉదయం, శిష్యులందరికీ పేజీ చిరునామా పంపించాము. స్కూలు గది చిన్నది. గోడమీద రోడ్డు గుర్తుల పటం. మూలన ఇనుప కాలికి బిగించిన పాత స్టీరింగు చక్రం, కొత్తవాళ్ళు తిప్పి చూసుకోవడానికి. కిటికీ పక్క ఫోను. ఆయన భార్య కారు తీసుకొని పాఠానికి వెళ్ళింది. హారన్‌గారు తన కుర్చీలో, నేను ఎదుటి బెంచీ మీద.

మొదటి బుకింగు పడింది. పళ్ళ డాక్టరమ్మ, సోమవారం ఉదయం ఆరు గంటలకు. ఇద్దరం చేతులు కలుపుకొన్నాము. రెండోది పడింది. పళ్ళ డాక్టరమ్మే, ఏడు గంటలకు. మూడోదీ ఆమే.

“విద్యాసక్తి గల మహిళ” అన్నాను నేను.

“బావగారూ, ఈవిడ లారీ గానీ కొందేమో కనుక్కోవాలి” అన్నాడాయన.

సోమవారానికున్న ఏడు పాఠాలూ ఆమె పేరనే పడ్డాక ఫోను మోగింది. హారన్‌గారు తీశాడు. అవతలనుంచి వచ్చిన కేక బెంచీమీద ఉన్న నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

“హలో! నాకు ఏడు మెసేజీలొచ్చాయి, ఒక్కటీ అర్థం కాలేదు! నేనేమన్నా రోజంతా కార్లోనే ఉంటానా? పళ్ళు ఎవరు పీకుతారు? హలో! ఎవరండీ, మాట్లాడరే? సిగ్నల్ లేదా?”

ఆమె పెట్టేసింది. వెంటనే మరొకటి. ఈసారి ఒక బ్యాంకు గుమస్తా: నా ఫోన్‌లో ‘పళ్ళ డాక్టరమ్మగారికి స్వాగతం’ అని వస్తోందేమిటి, నేనెప్పుడు డాక్టర్నయ్యాను? ఫోను నేను తీసుకోవలసి వచ్చింది. క్షమాపణ చెప్పుకొనేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. గొంతు ఉన్నవాడికి మాట దొరకలేదు. మాట ఉన్నవాడికి గొంతు లేదు. మా ఇద్దరినీ కలిపినా ఫోను తీసే మనిషి ఒక్కడు తయారు కాలేదు.

పన్నెండు గంటలకు ఆయన భార్య తిరిగివచ్చి, కారు తాళం కొక్కేనికి తగిలించి, తెరను ఒక్కసారి చూసింది.

“ఏవండీ, మనకున్నది ఒకటే కారు. దాని డ్రైవర్ సీట్లో ఏడుగుర్ని కూర్చోబెట్టారు. అదీ అందరికీ ఒకటే పేరు పెట్టి.”

“మొదటి ట్రయల్ కదా...”

“మొదటి రోజు గోడకి గుద్దినవాడు కూడా అదే అంటాడు. అన్నయ్యగారూ, మీరన్నా చూసుకోవద్దా?”

“భాషలో దోషమేమీ లేదమ్మా” అన్నాను.

ఆమె నవ్వలేదు. “ఒకటో తారీఖు మాట మారదండీ. పాఠాలు పోతే స్కూల్ పోతుంది. మీరు కుర్చీలో కూర్చోవడానికి నేను కారు అమ్ముకోలేను” అంది. ఆయన ఏదో అనబోయాడు. గాలి కూడా రాలేదు. ఆ ముఖం చూశాక, ఎత్తిపొడుపు ఒకటి నాలుక చివరిదాకా వచ్చినా మింగేశాను.

మరునాడు టీచరమ్మ మా ప్రోగ్రాము చూసి, నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

“సర్వర్ ఒక్కటే తాతగారూ, అందరికీ అదే. మీరు పెట్టిన అర కూడా ఒక్కటే. చివర వచ్చినవాళ్ళ పేరు అందులో ఉంటే, అందరూ వాళ్ళే అయిపోతారు. వెనక గదికి మొహం కనపడదని మొదటి రోజే చెప్పాను కదా.”

కింద గీత గీసి ఉన్న ఆ వాక్యాన్ని నేను అరచేత్తో కప్పేశాను.

వచ్చిన ప్రతివారి ఫోనుకూ ఒక రహస్యపు బిళ్ళ ఇవ్వాలి. ప్రతి చీటీతోనూ ఆ ఫోను తన బిళ్ళ చూపించాలి. వెనక గది బిళ్ళ చూసి మనిషిని పోల్చుకోవాలి. ఆ వారమంతా ఆయన దానిమీదే కూర్చున్నాడు. ‘ప్రస్తుత విద్యార్థి’ని తొలగించేటప్పుడు, పేరు పెట్టినవాణ్ణి కాబట్టి నేను బాధపడతానని, నన్ను టీ తాగి రమ్మన్నాడు. తిరిగి వచ్చేసరికి నా సందేశం కూడా లేదు.

ముప్పయ్యో తేదీ, సోమవారం సాయంకాలం. స్కూలు గదిలోనే హారన్‌గారి భార్య పరీక్ష పెట్టింది. పళ్ళ డాక్టరమ్మను తానే పిలిపించింది. డాక్టరమ్మ తగువుకు సిద్ధపడి వచ్చింది. బ్యాంకు గుమస్తా కూడా వచ్చాడు.

“ముగ్గురం ఒకటే గంట నొక్కుదాం. రేపు ఉదయం ఆరు. నేను మూడు అనగానే” అంది ఆయన భార్య. “ఏవండీ, మీరు కంప్యూటర్ ముట్టుకోకండి. అన్నయ్యగారూ, మీరైతే అసలు లేవకండి.”

ముగ్గురూ నొక్కారు. గుమస్తా ఫోన్‌లో అతని పేరే వచ్చింది, దాని కింద, “బుక్ అయింది. టైముకి రండి.” తక్కిన ఇద్దరికీ వారి వారి పేర్లతో, “ఈ గంట ఇప్పుడే నిండింది. ఏడు ఖాళీగా ఉంది, కావాలా?” అని వచ్చింది.

“అబ్బ, ఇది అర్థమైంది!” అంది డాక్టరమ్మ, ఏడు గంటలు నొక్కేస్తూ.

హారన్‌గారి భార్య మాత్రం తన ఫోన్‌లో ఆ గంటనే మరి రెండుసార్లు నొక్కి చూసింది. మొండి బ్రేకును పరీక్షించే తీరు అది.

“ఫోన్ చేసేవాళ్ళు ఇంకా చేస్తూనే ఉంటారు. ఇది తెలియని పెద్దవాళ్ళున్నారు” అంది చివరికి. “వచ్చే మనిషిని సాయంత్రాలు మాత్రం రమ్మంటాను. పొద్దున్నుంచి మీరే చూసుకోండి.”

“మరి మాత్రలు?” అన్నాడు హారన్‌గారు.

“అవి ఇక్కడే వేసుకోండి. మీ వెనక గదికి చెప్పి గుర్తుచేయించుకోండి.”

తరువాతి సంగతులు ఇవి. హారన్‌గారి గొంతు తిరిగి రాలేదు. పొద్దుటి పూట బల్ల ఆయనదే. సాయంత్రాలు ఫోనుకు చేరిన అమ్మాయి ఏడాది గడిచేలోగా డ్రైవింగు నేర్చుకొని, స్కూలుకు రెండో కారు కొన్నాక అందులో పాఠాలు చెబుతోంది. రెండో కారుతో లెక్కలన్నీ మారడంవల్ల ప్రోగ్రామును మళ్ళీ రాయవలసి వచ్చింది. ఆయన ఒక్కడే రాసుకొన్నాడు. పళ్ళ డాక్టరమ్మ మూడో ప్రయత్నంలో లైసెన్సు సంపాదించింది. టీచరమ్మ వేరే ఉద్యోగానికి వెళ్ళింది. కోర్సు చివరి పరీక్షలో హారన్‌గారు గట్టెక్కాడు. నేను తప్పాను, మళ్ళీ రాయలేదు.