ఏటిలో పరిచిన దుప్పటి

మొన్న ఆదివారం మా వదినగారి మనవడు, పెళ్ళయి ఇంకా నెల తిరగనివాడు, భార్యను వెంటబెట్టుకొని బందరులోని మా ఇంటికి వచ్చాడు. వదినగారంటే నా భార్యకు స్వయానా అక్కగారు, పెడనలో ఉంటారు. హిమాలయాల నడుమ ఒక లోయలోని పల్లెల్లో పది రోజులు గడిపి రావడానికి వెళ్తున్నామనీ, నలభై ఏళ్ళ కిందట మేము వెళ్ళినదీ ఆ లోయకేనని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందనీ, అందుకే ఆశీస్సులతో పాటు నాలుగు సలహాలు కూడా పుచ్చుకుందామని వచ్చామనీ వాడు చెబుతూ ఉండగా, మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, బీరువా అడుగు అరలోంచి పాత కలంకారీ దుప్పటి ఒకటి తెచ్చి, రైల్లో కప్పుకోవడానికి ఉంటుందని ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది.

వాడు దానిని చూస్తూనే గుర్తుపట్టాడు. "ఇదేనే, నేను చెప్పలా? చిన్నమ్మమ్మ ఏట్లో కొట్టుకుపోతుంటే చిన్నతాతయ్య దీంతోనే లాగారు," అంటూ, నేను ఎన్నో పెళ్ళిపందిళ్ళలో చెప్పిన కథను, నా మాటలలోనే, ఒక్క విశేషణమైనా జారిపోకుండా భార్యకు ఒప్పజెప్పాడు. దుప్పటిలోని ఎరుపంతా కరిగి మంచునీటిలో కలిసి, ఏరు కుంకుమ కలిపినట్లు పారిందనే చివరి వాక్యాన్ని కూడా విడిచిపెట్టలేదు. ఆ పిల్ల మాత్రం దుప్పటి మడతలు విప్పి, కిటికీ వెలుతురులో పట్టి చూసి, "మరి ఇంకా ఇంత ఎర్రగా ఉందేంటండీ?" అని నన్ను అడిగింది.

ముప్పై ఐదేళ్ళు బడిలో పాఠం చెప్పినవాణ్ణి, ఇరవై ఏళ్ళ పిల్ల అడిగిన ఆ చిన్న ప్రశ్నకు, కొంత మిగిలిందమ్మా అని గొణిగాను. మా ఆవిడ నావైపు చూడలేదు. ఖాళీ అయిన కాఫీ గ్లాసులు తీసుకొని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కథలో ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎప్పుడూ అలాగే లేచి వెళ్ళేది. భర్త చేసిన సాహసాన్ని పదిమందిలో వినడానికి సిగ్గుపడుతున్నదని ఇన్నేళ్ళూ నేను అనుకుంటూ వచ్చాను. పిల్లలు వెళ్ళిన తరువాత ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నా ఈడువారు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, జరిగినది జరిగినట్లు చెప్పుకోవడానికి ఇక ఎక్కువ వ్యవధి లేదన్న సంగతి వారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

నేను పుట్టింది దివిసీమలో, కోడూరుకు కూతవేటు దూరంలో. భాషాప్రవీణ చదివి గుడివాడలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా కుదురుకున్నాను. మా ఆవిడ పెడనలో అద్దకం ఇంటి ఆడపడుచు. వాళ్ళ నాన్నగారు అచ్చులతో గుడ్డమీద పువ్వులు అద్ది, మంజిష్ఠ వేళ్ళు వేసి రాగి డేగిసాలలో కాచి ఎరుపు ఎక్కించేవారు. అద్దిన గుడ్డను నిలవనీటిలో ముంచితే కారిన నలుపు తెలుపు మీదికి పాకి బట్ట చెడిపోతుంది కనుక, పారే కాలవలోనే జాడించాలి. మోకాటిలోతు నీటిలో నిలబడి, ఒక కొస చేతిలో పట్టుకొని, మిగిలిన గుడ్డను ప్రవాహానికి అప్పగించాలి. నీరే దానిని విప్పుతుంది, నీరే చాపుతుంది, మణికట్టు కాస్త తిప్పితే నీరే గట్టుకు చేరుస్తుంది. పదేళ్ళ ప్రాయం నుండి ఆమె ఆ పని చేసింది. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతులన్నీ ఆమె చెబుతూ ఉంటే, చాకిరేవు ముచ్చట్లుగా భావించి, నేను పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి కాను.

మా తోడల్లుడుగారిది కూడా అద్దకం పనే. ఢిల్లీలో జరిగిన ఒక చేనేత ప్రదర్శనలో ఆయనకు పక్క కొట్టులో శాలువలు అమ్ముతున్న కొండప్రాంతపు నేతగాడితో స్నేహం కుదిరి, వేసవి సెలవులలో కుటుంబాలతో రమ్మని ఆహ్వానం వచ్చింది. బియ్యం మూట, గోంగూర పచ్చడి జాడీ కట్టుకొని మేము నలుగురం బయలుదేరాము. దారి పొడుగునా ఆయన నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు. "మాష్టారూ, మీ పద్యాలకి మా కాలవలో చేపలే పైకి రావు, అక్కడి మంచు కరుగుద్దంటారా?" అని ఆయన అంటే, ఉప్పుటేళ్ళలో సముద్రపు పోటుపాట్లు చూస్తూ పెరిగినవాణ్ణి, నీటి సంగతి నాకు చెప్పవద్దని నేను బింకంగా జవాబిచ్చాను. ఆ మాటకు నేను చెల్లించుకోవలసినది ముందుంది.

లోయ సొగసు వర్ణించడానికి నాకు ఇప్పుడు మనసు రావడం లేదు. ఏటవాలు కొండపొడుగునా దేవదారు వృక్షాలు, పలకరాళ్ళు కప్పిన కొయ్య ఇళ్ళు, ఉసిరికాయలంత పిందెలతో ఆపిలు తోటలు, ఇంటి కింది అరలోంచి తెల్లవారకముందే వినిపించే మగ్గం చప్పుడు. భాష తెలియకపోయినా మా ఆవిడా ఆ ఇంటి ఇల్లాలూ నూలు పోగులు వేళ్ళతో నలిపి చూపించుకుంటూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. నాకు మాత్రం వసారాలోంచి ఎదుటి కొండమీద కనిపించే చిన్న కొయ్య గుడి మీదనే దృష్టి. ఒక రోజు మా ఆవిడను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళి వస్తానన్నాను. ఆ నేతగాడు తనకు వచ్చిన హిందీలో, మిట్టమధ్యాహ్నం కాకముందే ఏరు దాటి వెనక్కి రావాలని రెండుసార్లు చెప్పాడు. సూర్యుణ్ణి నెత్తిమీద చూపించి, వద్దు వద్దని చేయి కూడా ఊపాడు.

ఇక్కడే నేను పొరబడ్డాను. మధ్యాహ్నం లోపల ఇల్లు చేరమని మన ప్రాంతంలో ఎవరైనా అంటే అది ఎండదెబ్బకు భయపడి. మే నెలలో గుడివాడ వీధులలో గొడుగు వేసుకొని నడిచినవాడికి, ఉన్నిశాలువ కప్పుకొని తిరిగే ఈ ఎండ ఒక లెక్కా అని నవ్వుకున్నాను. దూరం విషయంలోనూ అంతే. మన పల్లపు సీమలో కంటికి కనిపించిన ఊరికి చేనుగట్టు వెంట నడిస్తే అరగంటలో చేరుకుంటాము. కొండలలో చూపుకూ కాలికీ అంత పొత్తు ఉండదని నాకు తెలియదు. ఉదయం ఏటిని చీలమండలోతు నీటిలో, రాతిమీది నుండి రాతిమీదికి అడుగులు వేస్తూ, నవ్వుకుంటూ దాటాము. గుడి చేరేసరికే పొద్దు నడినెత్తికి వచ్చింది. బయలుదేరదామండీ అని మా ఆవిడ రెండుసార్లు అన్నది. నేను కొయ్యమీది చెక్కడాలు చూస్తూ ఉండిపోయాను.

తిరుగుదారిలో, ఏరు కనిపించకముందే దాని హోరు వినిపించింది. దగ్గరికి వచ్చి చూస్తే పొద్దున మేము అడుగులు వేసిన రాళ్ళలో ఒక్కటీ పైన లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎక్కడా చినుకు పడిన జాడ లేదు. బూడిదరంగు నీరు ఒడ్డు నొరుసుకుంటూ, లోపల బండరాళ్ళను దొర్లిస్తూ పోతున్నది. ఆ రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు అరికాళ్ళకు తెలుస్తున్నది. ఎండ అప్పుడే కొండ అంచుకు జారింది. మా ఒంటిమీద ఉన్నవి నూలు బట్టలు, ఆమెకు ఒక శాలువ, గుడి దగ్గర కూర్చోవడానికి తెచ్చుకున్న ఈ కలంకారీ దుప్పటి.

పోటు వచ్చిందన్నాను నేను. పోటు వచ్చిన తరువాత పాటు రాక తప్పదనీ, నిలకడగా ఉన్న చోటు చూసి దాటేద్దామనీ అన్నాను. ఆమె వంగి, అరచేయి నీటిలో కాసేపు ఉంచింది.

"ఇది పోటు కాదండీ. పోటు నీళ్ళు వెనక్కి తోస్తాయి. ఇవి కిందికి లాగుతున్నాయి. ఎండకి పైన మంచు కరిగి వస్తున్న నీళ్ళయ్యుంటాయి, ఇంకా పెరుగుతాయి. పైకి పోదాం పదండి, గుడి దగ్గర ఇళ్ళున్నాయిగా."

"దివిసీమలో పుట్టింది నువ్వా, నేనా?"

"మీరే. కానీ ఇది దివిసీమ కాదుగా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆవలి గట్టున మా తోడల్లుడుగారు ఎదురుచూస్తూ ఉంటారు. ఏటికి భయపడి ఆగిపోయానంటే తిరుగు రైలంతా ఆ పరిహాసమే. పంచె ఎగగట్టి నీటిలోకి దిగాను. మొదటి అడుగు మోకాటికి వచ్చింది, రెండవది నడుముకు. మూడవ అడుగు వేసిన జ్ఞాపకం నాకు లేదు. చలి ఊపిరిని పట్టి బిగించింది. నుదురు దేనికో కొట్టుకుంది. మళ్ళీ తెలివి తెలిసేసరికి ఒడ్డుకు బారెడు దూరంలో, ఒక బండను రెండు చేతులా కౌగిలించుకొని ఉన్నాను. కాళ్ళు నేలకు అందడం లేదు. వేళ్ళు నావి కానట్లు ఒక్కొక్కటే పట్టు సడలుతున్నాయి. చదివిన చదువులోంచి ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు.

ఆమె అరవలేదు. నాకు ఎగువన పరుగెత్తి, ఒడ్డున ఉన్న ఒక రాతికి కాలు తన్నిపెట్టి, దుప్పటిని మొదట నీటిలో ముంచి తడిపి, ఒక కొస చేతికి చుట్టుకొని, రెండవ కొసను నీటిమీదికి వదిలింది. అది విప్పుకొంటూ వచ్చి, బండకు అవతలి పాయలో పడి, నాకు అందకుండా పోయింది. వెనక్కి లాక్కున్నది. నాలుగడుగులు ఇవతలికి జరిగి, నీటిని ఒక్క క్షణం పరకాయించి చూసి, మళ్ళీ వదిలింది. ఈసారి ఎర్రని పువ్వులన్నీ నీటిమీద చాప పరిచినట్లు విచ్చుకుంటూ వచ్చి తిన్నగా నా రొమ్ముకు తగిలాయి.

"పట్టుకుంటే జారుద్ది, చేతికి చుట్టుకోండి."

చుట్టుకున్నాను.

"ఇప్పుడు బండ వదిలేయండి. ఈదొద్దు. నేను లాగను, నీళ్ళే తెస్తాయి."

ఆ బండను వదలడం కంటె కష్టమైన పని నా జీవితంలో మరొకటి చేయలేదు. వదిలాను. నీరు నన్ను కిందికి ఈడ్చింది, దుప్పటి బిగుసుకున్నది, ఆమె రాతి వెనుక ఒరిగి నిలబడింది. కాలవలో గుడ్డ తిరిగినట్లుగా నేను అర్ధచంద్రాకారంగా తిరిగి ఒడ్డున గులకలమీద పడ్డాను. తన పొడి శాలువ నాకు చుట్టి, పళ్ళు కొట్టుకుంటున్న నన్ను చేయి పట్టుకొని చీకటి పడేలోగా కొండమీది ఊరికి నడిపించింది. ఎవరో ముసలమ్మ తన పొయ్యి ముందు మాకు చోటిచ్చింది. తెల్లవారి వచ్చి చూస్తే ఏరు మళ్ళీ చీలమండలోతు. రాళ్ళన్నీ పైకి తేలి, ఏమీ ఎరుగనట్లు ఆరుతున్నాయి.

ఆవలి గట్టున తోడల్లుడుగారూ ఆ నేతగాడూ నిలబడి ఉన్నారు. రాళ్ళమీదుగా దాటి వాళ్ళను చేరుకున్నాము. "రాత్రంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నామయ్యా. ఆ దెబ్బేంటి, ఏం జరిగింది?" అని ఆయన అడిగారు. మీ మరదలు కాలు జారిందన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం బయటికి వచ్చిన తరువాత తక్కినవి వాటంతట అవే వచ్చి నిలిచాయి. దుప్పటి విసిరినది నేను, లాగినది నేను. అదీ దివిసీమ అంటే అని ఆయన నా వీపు తట్టారు. మా ఆవిడ తడి దుప్పటిని రాతిమీద ఎండకు పరుస్తున్నది. ఆమె చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముడతలు సవరించడం మొదలుపెట్టింది. ఆ నేతగాడు మాత్రం చర్మం లేచి ఎర్రబడిన ఆమె అరచేతులను చూశాడు, తరువాత నా చేతులను చూశాడు, మా సంచి తీసుకొని ముందు నడిచాడు.

ఏరు ఎర్రబడిందన్న మాట తరువాతిది. ఏదో బడి వార్షికోత్సవంలో, వినేవారి ముఖాలు చూసి ఉత్సాహం పట్టలేక కల్పించినది. అందరికీ అదే నచ్చింది.

నిన్న ఉదయం ఆ పిల్లవాడికి ఫోను చేశాను. మధ్యాహ్నం దాటితే ఏట్లో దిగవద్దని చెప్పాలని, ఆ నెపంతో అసలు సంగతి కూడా చెప్పేయాలని నా ఉద్దేశం. "అక్కడిప్పుడు వంతెన ఉంది చిన్నతాతయ్యా, కార్లు గుడిదాకా వెళ్తున్నాయి. వీడియో పంపనా?" అన్నాడు వాడు. నా హెచ్చరికతో ఎవరికీ అవసరం లేకపోయింది. నెపం లేకుండా నిజం చెప్పడానికి ఫోనులో నాకు నోరు రాలేదు.

అక్కడ ఏటిమీద వంతెన వచ్చింది. ఇక్కడ పెడనలో మా మామగారు నిలబడిన కాలవలో ఇప్పుడు గుడ్డ చాచుకునేంత నీరు పారే రోజులు తక్కువ. మా వదినగారి ఇంట్లో సిమెంటు తొట్లు కట్టించుకున్నారు. కొనుక్కొచ్చిన రంగు మొదటి ఉతుకుకే బకెట్టులోకి దిగుతున్నది. మోకాటిలోతు నీటిలో నిలబడి, దేనినీ లాగకుండా, ప్రవాహానికి ఎంత వదలాలో మణికట్టుతో తెలుసుకునే ఆడపిల్లలు ఆ వీధిలో ఇంకా ఎందరున్నారో నాకు తెలియదు. ఉన్నప్పుడు నేనే పుస్తకంలోంచి తల ఎత్తి చూడలేదు.

జరిగినదంతా రాస్తున్నానని నిన్న మా ఆవిడతో చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఆమె అన్నది.

"ఎవరు లాగారో ఇప్పుడు ఎవరిక్కావాలండీ, ఇద్దరం బయటపడ్డాంగా. రంగు పోలేదని మాత్రం రాయండి. అది మా నాన్న వేసిన రంగు."

పోలేదు. నలభై ఏళ్ళుగా నేను నలుగురిలో కరిగించి పారబోసిన ఆ ఎరుపు, ఆ రోజు మంచునీటిలో ఒక్క చుక్కయినా దిగలేదు.