ఫొటోలు తీసిపెట్టిన ఆ అంకుల్ గురించి

కిరణ్, ముందు నీ పోస్టులో ఒక తప్పు దిద్దుతాను.

పరాంకుశం గారు నువ్వు రాసినట్టు "టైంపాస్‌కి క్యాంపస్‌కి వచ్చే అంకుల్" కాదు. ఈ జర్మనీలో, ఎర్లాంగెన్ యూనివర్సిటీలో గెస్ట్ స్టూడెంట్. ఫీజు కట్టి, కార్డు తీసుకుని, నీకంటే ఎక్కువ క్లాసులకు వెళ్లిన మనిషి.

నువ్వు నా మనవడివి. తెలుగు స్టూడెంట్స్ గ్రూపుకి అడ్మిన్‌వి. రెండు విధాలా తలవంపులు నాకే.

నిన్న పొద్దున పరాంకుశం గారి అబ్బాయి ఫోన్ చేశాడు. "ఆంటీ, నాన్న నిద్రలోనే పోయారండి."

నేనప్పటికే క్లాసుకి బ్యాగు సర్దుకుని ఉన్నాను. నేనూ గెస్ట్ స్టూడెంట్‌నే, ఆయనా నేనూ కలిసే వెళ్తాం. ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన కోసం పెట్టిన జంతికల డబ్బా బయటికి తీశాను. మళ్లీ లోపల పెట్టాను. మళ్లీ తీశాను.

మధ్యాహ్నానికి గ్రూపులో మీ సంతాపాలు మొదలయ్యాయి. యూనివర్సిటీ లోగో, పక్కన కొవ్వొత్తి. "మనది ఒకే కుటుంబం. మన ఘన వారసత్వమే మనల్ని కలిపింది."

ఈ వాక్యం మీ ఫోనే రాసిపెట్టిందని చదవగానే తెలిసింది. మీలో ఒక్కరికీ "ఘన" అన్న మాట రాదు.

లోగో ఎందుకు పెట్టారో కూడా తెలుసు. ఆయన ఫొటో మీ దగ్గర లేదు.

ఎలా ఉంటుంది? వెల్‌కమ్ డేకి, ఉగాదికి, గ్రిల్ పార్టీకి, ప్రతిసారీ మీరు మెట్ల మీద వరసగా నిలబడి ఆయన చేతికి ఫోన్ ఇచ్చారు. "అంకుల్, ఒకటి తీసిపెడతారా? వెనక బిల్డింగ్ మొత్తం రావాలి."

తీసిపెట్టారు. "ఎడమ చివర అబ్బాయీ, కళ్లు తెరువు" అని మరీ తీసిపెట్టారు. వెతుక్కోండి, కొన్నింట్లో కుడి మూల ఆయన బొటనవేలు ఉంటుంది. మీ కుటుంబంలో ఆయనకు మీరిచ్చిన చోటు అది.

వారసత్వం మీద పోస్టులు పెట్టిన మేధావులకు అదెలా ఉంటుందో చెప్తాను. నేను చూశాను కాబట్టి.

మన దేశంలో ఆయన హెడ్‌మాస్టరు. పిల్లలు బల్లలు బాదితే ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే, మాస్టారిని ఏడిపిస్తున్నారని. ఇక్కడ మొదటి క్లాసు అయిపోగానే హాలంతా వేలి కణుపులతో బల్లల మీద టకటకా కొట్టింది.

నా పక్కనుంచి ఆయన లేచారు.

"సైలెన్స్. గురువుకి మీరిచ్చే మర్యాద ఇదేనా?" అన్నారు, అచ్చం ప్రేయర్ గ్రౌండు ఇంగ్లీషులో.

తట్టడం ఆగిపోయింది. ప్రొఫెసరమ్మ నవ్వు ఆపుకుని వివరించింది. ఇక్కడ క్లాసులో చప్పట్లు ఉండవట. బల్ల తట్టడమే థాంక్స్ చెప్పడమట. ఆవిడ చదువుకున్నప్పుడూ ఇంతేనట, ఆవిడ మాస్టార్లు చదువుకున్నప్పుడూ ఇంతేనట.

ఆయన కూర్చున్నారు. తన చేతివంక చూసుకున్నారు. తర్వాత ఒక్కరే, ఆలస్యంగా, బల్ల మీద తట్టారు.

అప్పుడు హాలంతా ఆయన కోసం తట్టింది.

ఏ ఊరని అడగలేదు. వయసెంతని అడగలేదు. ఏ గ్రూపని అడగలేదు.

ఆనాటి నుంచి ఇంట్లో కోడలు కాఫీ ఇచ్చినా బల్ల తట్టేవారు. కాఫీ బాగోలేదేమోనని ఆ పిల్ల కొన్నాళ్లు పొడులు మార్చి చూసింది.

ఇంకోటి. ఇది మీలో కొందరికి గుర్తుండాలి, ఆ గదిలోనే ఉన్నారు.

పోయిన సెమిస్టర్‌లో వరంగల్ అమ్మాయి శ్రావణి ప్రెజెంటేషన్. ఒక స్లైడ్ తెరుచుకోలేదు. ముగించాక గదిలో ఎవరూ బల్ల తట్టలేదు. మీరు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ పిల్ల బతుకమ్మ బ్యాచ్, మీరు ఉగాది బ్యాచ్. ఇంత దూరం వచ్చి, ఒకే క్యాంటీన్‌లో అవే ఉడకబెట్టిన బంగాళాదుంపలు తింటూ, వేరు కాపురాలు.

ముందు పరాంకుశం గారి వేళ్లు మోగాయి. తర్వాత జర్మన్ పిల్లలవి. మీవి ఆఖరున, ప్రొఫెసర్ మీ వైపు చూశాక.

బయటికొచ్చాక శ్రావణి ఆయన్ను ఆపింది. "మీరు కొట్టకపోతే ఆడ్నే ఏడ్సేదాన్ని సార్. గా స్లైడ్ అస్సలు ఓపెన్ కాలే."

"స్లైడ్‌దేముందమ్మా. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. నాకే అర్థమైందంటే ఇంకెవరికైనా అవుతుంది."

ఆ పిల్ల ఆయన్ను సార్ అంది. అంకుల్ అనలేదు. చేతికి ఫోనూ ఇవ్వలేదు.

రాత్రి నేను నిన్ను అడిగాను కిరణ్, అంత్యక్రియలకు ఎవరెవరు వస్తున్నారని.

"అమ్మమ్మా, ఫ్రైడే చాలామందికి ల్యాబ్ ఉంది. ఫ్యామిలీ వాళ్లు చూసుకుంటార్లే."

ఫ్యామిలీ. మధ్యాహ్నం అది మీరేగా?

వాళ్లింట్లో ఉన్నది కొడుకూ కోడలూ. నేనొకదాన్ని వస్తాను. మీరు రాకపోతే ఆయన ఎవరో ఒకరి నాన్నగా వెళ్లిపోతారు. వస్తే, యూనివర్సిటీ విద్యార్థిగా వెళ్తారు. ఆ కార్డు ఆయన చొక్కా జేబులోనే ఉంచుతానని వాళ్లబ్బాయి అన్నాడు. కార్డు ఒక్కటీ చాలదు.

శుక్రవారం పదకొండింటికి టెర్మిన్ దొరికింది. ఈ దేశంలో పోయాక కూడా అపాయింట్‌మెంట్ తప్పదు. శ్మశానం పక్కనున్న హాలు. ఉపన్యాసాలు వద్దు, వారసత్వం మీద అసలే వద్దు. గ్రూప్ ఫొటో ఉండదు. తీసే మనిషి లేరు.

లోపల ఆయన్ను ఉంచే పెట్టె ముందు ఒక పొడుగాటి చెక్క బల్ల ఉంది. వెళ్లేముందు ఒక్కొక్కరూ దాని దగ్గర ఆగి, వేళ్లతో తట్టి వెళ్లండి. బతుకమ్మ బ్యాచ్, ఉగాది బ్యాచ్, ఒకటే వరస.

పరాంకుశం గారూ, క్లాసు అయిపోయింది. ఇక నిశ్చింతగా విశ్రాంతి తీసుకోండి. జంతికలు నా దగ్గరే ఉన్నాయి.

కిరణ్, నువ్వు పదిన్నరకే వెళ్లు. ఆ బల్ల మీద మందపాటి గుడ్డ కప్పారు, నిన్న సాయంత్రం చూసొచ్చాను. అక్కడివాళ్లను అడిగి, తీసి, మడతపెట్టి పక్కన ఉంచు. గుడ్డ మీద తడితే చప్పుడు రాదు.