కడగొద్దన్న గాజుపెట్టె

పదకొండు చేపలను ఒక్క పూటలో, వలా గాలమూ లేకుండా, కేవలం శుభ్రతతో చంపిన మనిషిని నేను. ఎప్పుడంటే 1987 డిసెంబరు, మూడో శనివారం. ఇది చదివి మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. హైస్కూల్లో లెక్కల టీచరును. మా ఆయన డేవిడ్‌కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఉక్కునగరంలో కొత్త క్వార్టరు. మా గుమ్మంలో చెప్పులు కూడా ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా పొడుగు ప్రకారం ఉండేవి. గరిటెలకు నంబర్లుండేవి. అవునండీ, నంబర్లే. ఆరో నంబరు పప్పు గరిటె.

ఆ ఏడు ఆయనకు బి.పి. వచ్చింది. "డ్యూటీ నుంచి వచ్చాక రోజూ ఓ అరగంట, ఎవరితోనూ మాట్లాడకుండా, ఏదైనా ప్రశాంతంగా చూస్తూ కూర్చోండి" అన్నాడు డాక్టరు. 'ఎవరితోనూ' అన్నప్పుడు నా వైపు ఎందుకు చూశాడో నాకు అర్థం కాలేదు.

వారం తిరక్కుండా ఆయనతో పనిచేసే అప్పలనాయుడు ఒక పాత గాజుపెట్టె మోసుకొచ్చాడు. ఆయన్ని బావా అనేవాడు కనక నేను చెల్లెమ్మను.

"కింద రెండంగుళాలు సెరువు మట్టి ఎయ్. దాని మీద ఇసక. అందులో నీటి మొక్కలు గుచ్చీసి, నీళ్లోసి నెల్రోజులు ఒగ్గీయ్. అప్పుడు సేపలొదులు. మట్టి మొక్కల్ని మేపుద్ది, మొక్కలు నీళ్లని బాగుసేత్తాయి. ఇంక నువ్వు సేసీదేటీ నేదు, సెల్లెమ్మా."

"వారానికి ఎన్నిసార్లు కడగాలన్నయ్యా?"

"కడగొద్దంతన్నాను."

"పోనీ, నెలకి?"

అప్పలనాయుడు మా ఆయన వైపు జాలిగా చూశాడు. "బావా, నువ్వే మొదలెట్టుకో."

"ఈయనకి కొలతలు రావు. నేను పెడతాను" అన్నాను.

"పెట్టు సుగుణా" అన్నారు మా ఆయన. "కానీ పెట్టాక దాని మీద చెయ్యెయ్యకు. ఈ ఇంట్లో నువ్వు సర్దనిది ఒక్కటుండనీ." నవ్వుతూనే అన్నారు. అందుకని ఇంటి లెక్కలూ నియమాలూ రాసుకునే నోటుబుక్కులో నేను దాన్ని రాసుకోలేదు.

పెట్టడం మాత్రం బ్రహ్మాండంగా పెట్టాను. దువ్వాడ వైపు చెరువు నుంచి అప్పలనాయుడు తెచ్చిన మట్టిని పిండి జల్లెడతో జల్లించాను. ఇసకను పద్నాలుగు నీళ్లు కడిగాను. స్కేలు పెట్టి, వరసకు ఐదు చొప్పున నాలుగు వరసల మొక్కలు నాటాను. ముప్పై ఒకటో రోజున పదకొండు గప్పీలను వదిలాను. చిటికెన వేలి గోరంత చేపలు, తోకలు మాత్రం పెళ్లిచీర కొంగుల్లా.

మా ఆయన రోజూ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చునేవారు. నేను వెనక నిలబడి ఆకులు లెక్కపెట్టేదాన్ని. రెండు నెలల్లో బి.పి. దిగింది.

అంతటితో నేను ఊరుకుని ఉంటే మీకు ఈ కథే లేదు. మూడో నెలలో గాజు మీద పచ్చగా పాచి పట్టింది. రెండో వరస మొక్క నాలుగో వరసలోకి పిలక వేసింది; క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని. రెండు చేపలకు పొట్టలొచ్చాయి. ఎక్కువ తింటున్నాయని మేత తగ్గించాను.

ఇంతలో క్రిస్మస్ దగ్గరపడింది. మా ఇళ్లలో క్రిస్మస్ ముందు సున్నాలు వేసి, ఇల్లంతా తిరగేసి కడుగుతాం. ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరమ్మ వస్తారు. గోడలు తెల్లగా మెరుస్తుంటే మధ్యలో ఆ పాచి పెట్టె, ఇస్త్రీ చొక్కా మీద పులుసు మరకలా ఉంది.

ఆయన పొద్దుటి షిఫ్టుకు బస్సెక్కగానే పని మొదలెట్టాను. చేపలను స్టీలు బకెట్లోకి తీసి లెక్కపెట్టి నోటుబుక్కులో రాశాను: పదకొండు. జాలరిపేట నుంచి శనివారాలు చేపలమ్మడానికి వచ్చే నూకాలు, గంప దించి గుమ్మంలో నిలబడింది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"కడుగుతున్నాను."

"ఆ పాసి తీసీకు. సేపలకి అదే ఇల్లు."

"అందుకే కదా, వాటి ఇల్లు కడుగుతున్నాను."

"మా సవుద్రాన్ని కూడా ఓపాలి కడిగీయ్, పుణ్యవుంటాది" అని గంపెత్తుకుంది.

పాత నీళ్లు, మట్టి, వరస తప్పిన పిలకలు కలిపి తొమ్మిది బకెట్లు. దారిలో పోస్తే పక్క క్వార్టరు వాళ్లతో మాట పడాలి. వెనక గేటు అవతల కట్టుబడి వాళ్లు వదిలేసిన సిమెంటు తొట్టి ఉంటే అందులో పోశాను. గేటు అవతలది నా బాధ్యత కాదు. గాజును ముగ్గుతో తోమి, తెల్లటి ఇసక పరిచి, ఇరవై మొక్కలను తిరిగి నాటాను. నూతిలో వేసినట్టు ఒక చెంచాడు బ్లీచింగ్ పౌడరు వేసి, చేపలను వదిలాను. గబగబా ఈదాయి. ఉత్సాహం అనుకున్నాను. ఒంటిగంటకు పదకొండూ పొట్టలు పైకి పెట్టి తేలాయి.

మా ఆయన రెండూ నలభైకి వచ్చారు. పెట్టె వైపు చూశారు. కేకలేస్తారని పైటకొంగు బిగించుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఎన్ని?" అన్నారు.

"పదకొండు."

"లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆయన టిఫిన్ డబ్బా దాని చోటులో పెట్టి లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రం పాస్టరమ్మ చేపల్లేని పెట్టె చూసి, "ఎంత శుభ్రంగా ఉంచావమ్మా, నీళ్లున్నట్టే తెలియడం లేదు" అన్నారు. మా ఆయన అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నారు.

తర్వాత గాజుపెట్టెలో బియ్యం పోశాను. ఆయన డ్యూటీ నుంచి రాగానే అరగంట నడకకు వెళ్లడం మొదలెట్టారు. బి.పి. పెరగలేదు. నడక నా సలహాయేనని స్కూల్లో చెప్పుకున్నాను కూడా.

ఏప్రిల్లో ఒక శనివారం నూకాలు కవ్వళ్ల చేపలు తూస్తూ అంది: "అయ్యగారి తొట్లో సేపలు బలే పెరిగాయమ్మా."

"ఏ తొట్టి?"

"గేటవతలదమ్మా. నువ్వు పారబోసిన మట్టిలో పిల్లలున్నాయి గావాల. మీ లైనంతా సూసొచ్చీసింది. నువ్వు సూళ్లేదేటి?"

ఆ పొట్టలు ఎందుకొచ్చాయో నాకు అప్పుడు వెలిగింది.

గేటు తీశాను. మా ఆయన రెండిటుకల మీద కూర్చుని ఉన్నారు. తొట్టి నిండా పాచి, అడ్డదిడ్డంగా అల్లుకున్న మొక్కలు, వాటి మధ్య పెళ్లిచీర కొంగులు. నా పెదవులు వాటంతటవే కదిలాయి. ముప్పై ఏడు దాకా వచ్చాను.

"సుగుణా, లెక్కపెట్టకు" అన్నారు ఆయన, తల తిప్పకుండానే.

"నాలుగు నెలలు. ఒక్క మాట చెప్పలేదేం?"

"సెప్తే కడిగీయవూ?"

మా ఆయన నాతో మా ఊరి యాసలో మాట్లాడటం పెళ్లయ్యాక అదే మొదలు. ఎంత హాయిగా ఉన్నారో దాన్నిబట్టి తెలిసింది. నేను గేటు మూసి లోపలికొచ్చాను. నోటుబుక్కులో 'పదకొండు' మీద ఎర్రసిరాతో ఇంటూ కొట్టాను. నా లెక్కకు నేను వేసుకున్న ఇంటూ అదొక్కటే.

ఆ కింద పెట్టిన ప్రతిజ్ఞ ఇది: నీళ్లలో పుట్టిన ఏ ప్రాణికీ నేను స్నానం చేయించను, మా ఆయన నడకకు వెళ్తే ఎక్కడికని అడగను, వెనక గేటు దాటను. సంతకం, తేదీ ఉన్నాయి. ఆ క్వార్టరులో ఉన్నన్నాళ్లూ తప్పలేదు. గేటు అవతల నుంచి ఆయన ఒక్కసారైనా రమ్మని పిలుస్తారేమోనని మాత్రం, రోజూ ఆ అరగంటా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.