వచ్చినవాళ్లు తిన్నాకే

మా అత్తగారు అన్నం ముట్టడం మానేశారు. కంచం ముందు పెడితే వీధి గుమ్మం వైపు చూసి, "వచ్చినవాళ్లు తినకుండా నేనెలా తింటానండీ?" అనేవారు. నేను కోడలినన్న సంగతి మరిచిపోయి నన్ను "అండీ" అనడం అప్పటికే మామూలైపోయింది. ఆ వచ్చినవాళ్లెవరో మాకు తెలియదు. ఆవిడ జాకెట్లు మాత్రం వదులైపోతున్నాయి.

రాజమండ్రిలో డాక్టరుగారు చూసి, ఇది మొండితనం కాదు, డిమెన్షియా అనే మెదడు జబ్బు, ఆవిడతో వాదించకండి అన్నారు. మా ఆయనేమో "బయట చెప్పకు, పరువు పోతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. షుగరొస్తే పోని పరువు దీనికెందుకు పోతుందట? ఆ సాయంత్రమే మా మండపేట వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పేశాను. "రేపు మా ఇంట్లో భోజనానికి రండి. మీరు తింటేనే ఆవిడ తింటారు" అని బతిమాలాను.

పిలవడమే తరువాయి. మర్నాడు పక్కింటి పిన్నిగారు పట్టుచీర కట్టుకుని మరీ వచ్చారు. ఎదురింటి బియ్యం వ్యాపారిగారు వియ్యాలవారిలా కండువా వేసుకుని వచ్చారు. అత్తగారు కొంగు బిగించి, "మొహమాటపడకండి, ఇంకాస్త పప్పు వేయించుకోండి" అంటూ కొసరి కొసరి వడ్డించారు. వడ్డించిన సంగతి మరిచిపోయి మళ్లీ వడ్డించారు. పాపం వ్యాపారిగారు ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా లాభం లేకపోయింది. వాళ్లు చేతులు కడుక్కున్నాక ఆవిడ కూర్చుని కడుపారా తిన్నారు. వంటింట్లోకి పోయి ఏడుపూ నవ్వూ కలిసి నేనేం చేశానో నాకే తెలియదు.

అప్పట్నించి వీధివాళ్లు వంతులేసుకుని వస్తున్నారు. పిన్నిగారైతే భోజనమయ్యాక కూడా ఉండిపోయి, "నేనున్నాగా, నువ్వు కాసేపు నడుం వాల్చమ్మా" అంటారు. ఆ కునుకు నాకెంత హాయో చెప్పలేను.

మొన్న ముసురు పట్టి ఎవరూ రాలేదు. ఈ పూటకి ఆవిడ పస్తేననుకున్నాను. ఆరేసిన బట్టలు తీసుకుని తడుస్తూ లోపలికొచ్చాను. అత్తగారు నన్ను చూసి, "అయ్యో, వానలో పడొచ్చారా, కూర్చోండి" అని పీట వాల్చారు. వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ దగ్గరుండి వడ్డించారు.

"మీ అత్తగారు మిమ్మల్ని బాగా చూసుకుంటారా అండీ?"

"చాలా బాగా చూసుకుంటారండీ."

"మరి ఆవిణ్ణొదిలి ఒక్కరే వచ్చేశారేంటి? ఈసారి తీసుకురండి, కలిసి తిందాం."

"తీసుకొస్తానండీ" అన్నాను.

అప్పుడావిడ తన కంచం తెచ్చుకుని, నా పక్కనే కూర్చుని, అన్నం కలుపుకున్నారు.