మల్లన్న అడిగించిన మాట

పొద్దున్నే బస్సు ఇంజన్ వేడెక్కేటప్పటి డీజిల్ వాసన తగిలితే చాలు, దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంపు గేటు కళ్ళముందుకొస్తుంది. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. మాది కూలీలను అద్దెకిచ్చే కంపెనీ. ఈ నెల ఒకరి సైటు, వచ్చే నెల ఇంకొకరిది. ఎక్కడికని మేమూ అడిగేవాళ్ళం కాదు. నాకు తాపీ పట్టడం నేర్పిన మేస్త్రీ మల్లన్నది మా జగిత్యాల వైపే. గోడ కాస్త వంకరపోయినా నిర్దాక్షిణ్యంగా పడగొట్టించేవాడు. తిట్టుకుంటూనే నేర్చుకున్నాను.

ఒక ఉదయం ఎడారిలోని ఒంటెల ఫారం నుంచి పికప్ వచ్చింది. ఒక్క మనిషి కావాలట. క్యాంప్ బాస్ నా వైపు వేలు చూపి "యల్లా, బైఠో" అన్నాడు, పద ఎక్కు అని. అంతకుముందు అక్కడికి పంపినవాడి ఫోన్ మళ్ళీ మోగలేదని క్యాంపంతా ఎరుగును. అయినా బుద్ధిగా నా సంచి తీసుకెళ్ళి బండిలో పెట్టేశాను. అప్పటికే బస్సెక్కిన మల్లన్న దిగివచ్చి పికప్ తలుపు పట్టుకున్నాడు.

"ఇస్‌కో పూఛా క్యా?" అన్నాడు. వీణ్ణి అడిగావా అని.

అడిగేదేముంది, కంపెనీ పంపుతోంది అన్నాడు బాస్. మల్లన్న నా వైపు తిరిగాడు. "మా తాతను దొర బండితోటి పక్కూరి దొరకు అరువిచ్చెటోడురా శీనూ, పెండ్లి పనులకు. బండిని అడుగలె, తాతనూ అడుగలె. నువ్వు జెప్పు, పోతవా?"

నువ్వే చెప్పన్నా అన్నట్టు అతని వైపు చూశాను.

"నేను జెప్తే అయ్యేది గాదు. నువ్వే నోరు తెర్వు."

"పోను" అన్నాను.

బస్సులోంచి ఒక్కొక్కరే దిగి మా వెనక నిలబడ్డారు. ఎండ ముదిరేదాకా ఏ సైటుకూ మనిషి వెళ్ళలేదు. చివరికి పికప్ ఖాళీగానే తిరిగిపోయింది.

ఆ వారంలోనే మల్లన్నను ఇంటికి పంపేశారు. నేను ఏడుస్తుంటే నవ్వాడు. "సూసినవా, నన్ను మాత్రం అడుగకుంటనే పంపుతుర్రు!" ఆ మనిషి దగ్గర పనిచేశానని చెప్పుకోవడం కంటే గొప్ప సంగతి నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో నా కింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. వేరే మేస్త్రీ మనుషులను అరువడిగితే, ప్రతివాణ్ణీ ఎదురుగా నిలబెట్టి పోతావా అని అడుగుతాను. మొన్న ఒకడు అందరిముందూ "నేను పోను సార్" అన్నాడు. మిగతావాళ్ళు భయంతో తలలు దించుకున్నారు. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. సరేనన్నాను. అవతలి మేస్త్రీకి మాటిచ్చిన పని కదా, తాపీ తీసుకుని ఆ సైటుకు నేనే వెళ్ళాను.