తడి గంపలెక్కే బస్సు

ఆ ఉదయం పిఠాపురంలో బస్సు దిగి చూసుకుంటే నా చెప్పుకు ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. వంగి దాన్ని తీస్తుంటే, నా వెనకే గంప దించుకుంటున్న చేపలావిడ అంది: "కండక్టరమ్మ పోయిందంటమ్మా. తెల్లారి లేపితే లేవలేదంట."

ఏ కండక్టరమ్మ అని నేను అడగలేదు. మా ఉప్పాడ బస్సుకు ఎంతమంది కండక్టర్లు మారినా ఆ పిలుపు ఒక్కరిదే.

ఆరో తరగతిలో పిఠాపురం కాన్వెంటుకు వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచీ నేను ఆవిడ బస్సే ఎక్కాను. అప్పుడు నేను నిలబడిన స్టాపు ఒడ్డు కోసుకుపోయి ఇప్పుడు సముద్రంలో ఉంది. ఆవిడకు చీర మీద ఖాకీ చొక్కా, కుడి చేతిలో టికెట్లు, ఎడమ చేతిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని వాసన చూసేవారు. బస్సులో ఏ పిల్లకైనా కడుపులో తిప్పితే ఆ కాయ ఇచ్చేసేవారు. మర్నాడు ఇంకో కాయ ఉండేది. నన్ను చూస్తే మాత్రం ఒకటే మాట: "కిటికీ పక్కన కూర్చోమ్మా, వెలుతురులో చదువుకో."

పిఠాపురంలోని బాప్టిస్టు చర్చికి వెళ్లేవారు. ఆదివారం డ్యూటీ పడితే, సాయంత్రం ఆరాధనకు ఆ ఖాకీ చొక్కాతోనే వెళ్లి వెనక బల్ల మీద కూర్చునేవారట. బస్సులో ఎవరికీ బైబిలు వాక్యాలు చెప్పలేదు.

చెప్పింది ఒక్కసారే, అదీ నవ్వుతూ. మిగతా కండక్టర్లు చేపల గంపలు కనబడగానే "ఆటోలో రండి" అని బెల్లు కొట్టేసేవారు. ఈవిడ మాత్రం వెనక తలుపు దగ్గర నిలబడి "జరగండి, జరగండి" అంటూ గంపకు ఒక చెయ్యి వేసేవారు. ఒకరోజు రిటైరైన గుమస్తా గారొకరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టిగా అన్నారు.

"ఏంటమ్మా ఇది? బస్సా, చేపల రేవా?"

"మా ప్రభువు పిలిచిన మొదటివాళ్లు చేపలు పట్టేవాళ్లేనండి. వాళ్ల దగ్గర మల్లెపూల వాసన వచ్చేదంటారా?"

వెనక నుంచి ఒక చేపలావిడ అందుకుంది. "ఆ ప్రభువుని కూడా ఎక్కించుకో కండక్టరమ్మా, టికెట్ నేను తీస్తాను!"

బస్సంతా నవ్వింది. గుమస్తా గారు కూడా రుమాలు వెనకే నవ్వారు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, ఒక వానరోజున గంపలోంచి కారిన నీళ్లు సీట్ల కింద పారి మా నాన్నగారి చీరల మూటను తడిపేశాయి. మాది ఉప్పాడలో చీరల కొట్టు. రెండు జాందానీ చీరలు పాడయ్యాయి. ఒక్కో చీర మగ్గం మీద ఎన్ని వారాలు ఉంటుందో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాన్నగారికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం నలుగురు కొట్లవాళ్లు, ఇద్దరు మాస్టార్లు మా అరుగు మీద చేరారు. డిపో మేనేజరుకు అర్జీ పెట్టాలన్నారు.

"మా అమ్మాయి రాస్తుంది. దస్తూరీ బాగుంటుంది," అన్నారు నాన్నగారు.

రాశాను. "సదరు కండక్టరు నిబంధనలకు విరుద్ధంగా" అని మొదలుపెట్టాను. "ప్రజారోగ్యానికి భంగకరముగా" అన్న మాట దగ్గర కాస్త గర్వపడ్డాను కూడా. అందరూ సంతకాలు చేశారు. రాసినవాళ్లు చెయ్యక్కర్లేదన్నారు. నాకు హాయిగా అనిపించింది.

పదిహేను రోజుల తరువాత, పిఠాపురం బస్టాండులో ఖాళీ బస్సులో కూర్చుని చదువుకుంటున్నాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. చేతిలో రెండు కాగితాలు.

"మెమో ఇచ్చారమ్మా. సమాధానం రాయాలి. నా రాత కోడి కెలికినట్టుంటుంది. రాసిపెడతావా?"

రెండో కాగితం నేను రాసిన అర్జీకి జిరాక్స్ కాపీ.

కలం తీసుకున్నాను. అక్షరాలు మార్చి రాయబోయాను. రెండో వరుసకే చెయ్యి తన పాత దస్తూరీలోకి పోయింది. ఎలాగైనా ఆవిడను ఆ మెమో నుంచి బయటపడెయ్యాలనిపించింది.

"గంపలు ఖాళీవని రాద్దామండి. ఎవరు చూశారు కనుక?"

ఆవిడ నిమ్మకాయను అరచేతిలో దొర్లించారు.

"అబద్ధం నీ చేత రాయిస్తానా అమ్మా? ఎక్కించాననే రాయి. రూలు తెలిసే ఎక్కించానని రాయి. చీరలు పాడైనందుకు బాధపడుతున్నానని రాయి, అది నిజమే. నెత్తి మీద బరువుతో వాళ్లు అంత దూరం నడవలేరని రాయి. ఇక చాలు."

రాసి ఇచ్చాను. ఆవిడ ఆ కాగితాన్ని అర్జీ పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను కిటికీ ఊచలు చూస్తూ కూర్చున్నాను.

"ముత్యాల్లాంటి అక్షరాలమ్మా," అన్నారు. "రెండింట్లోనూ."

రెండూ కలిపి మడిచి సంచిలో పెట్టుకుని, "ఉప్పాడ, ఉప్పాడ" అని కేకవేస్తూ దిగిపోయారు.

ఆవిడను వేరే రూటుకు మార్చారు. వెళ్లేముందు మా కొట్టుకు వచ్చి, చీరల విషయంలో తప్పు తనదేనని నాన్నగారితో చెప్పారు. నాన్నగారు కుర్చీ వేశారు, ఆవిడ కూర్చోలేదు. దాదాపు ఏడాది పాటు చేపలవాళ్లు ఆటోలకు ఇచ్చుకోగలిగినప్పుడు ఇచ్చుకున్నారు, లేనప్పుడు నడిచారు. కాలేజీకి వెళ్తూ కిటికీలోంచి వాళ్లను చూసేదాన్ని. ఆవిడ మళ్లీ మా బస్సుకు వచ్చిన రోజున, వెనక సీట్ల కింద పరవమని దళసరి ప్లాస్టిక్ పట్టా ఒకటి నాన్నగారే నా చేత పంపించారు.

అర్జీ రాసింది నేనేనని నా నోటితో చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవిడ రిటైరైన రోజున, దిగబోతూ "ఆ అర్జీ అండీ..." అన్నాను. ఆవిడ నా భుజం తట్టారు. "ఒకసారి టికెట్ కొట్టినవాళ్లను మళ్లీ అడగను నేను. దిగమ్మా, వెనకవాళ్లు ఆగున్నారు."

భూస్థాపనకు వెళ్లాను. సమాధుల తోట గోడ బయట గంపలు వరుసగా బోర్లించి ఉన్నాయి. తరువాత చేపలవాళ్లతో పాటు నేనూ ఆవిడ ఇంటికి వెళ్లాను. గుమ్మం పక్కన నిమ్మచెట్టు, కొమ్మలు వంగేలా కాయలు. ఆవిడ కూతురు అందరికీ టీ ఇచ్చింది. ఆ రోజు నాకు కబురు చెప్పిన చేపలావిడే గ్లాసు కింద పెట్టి, "పెద్దరోజు భోజనాలకి మంచి వంజరం చేప తెచ్చిస్తానమ్మా, అమ్మ పేర వండుకోండి," అంది.

కూతురు కాస్త తటపటాయించింది.

"వద్దులే పిన్నీ. మా ఇంట్లో చేప ఎప్పుడూ వండలేదు. అమ్మకి చిన్నప్పటి నుంచీ ఆ వాసన పడేది కాదు."